నెల గరిటె

నాకు తప్పులు దిద్దే జబ్బుంది. అబర్డీన్ బజార్‌లో మా జెరాక్స్ షాపుకి వచ్చేవాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. పోర్ట్ బ్లెయిర్‌లో తెలుగు టైపు చేసేవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టచ్చు, వాళ్ళలో ఒత్తులు సరిగ్గా పడేది నా చేతిలోనే అని నా నమ్మకం. ‘ఆవ్హానం’ అని రాసుకొచ్చిన ఒక పెళ్ళికొడుకు తండ్రిని స్టూలు మీద కూర్చోబెట్టి ‘ఆహ్వానం’ అని మూడుసార్లు పలికించాను. ఆయన చక్కగా పలికి, వెళ్ళి పక్క షాపులో కార్డు వేయించుకున్నాడు. నిజానికి నా తెలుగు గొప్పదేమీ కాదు. బడిలో చదివింది హిందీ. తెలుగు అక్షరాలు మా అమ్మ బైబిల్లోంచి నేర్పింది. ఆలస్యంగా వచ్చిన విద్య కాబట్టి గర్వం కాస్త ఎక్కువ. పోయినవాళ్ళ కార్డులో కూడా మీరు దీర్ఘాలే వెతుకుతారని మా ఆవిడ అంటూ ఉంటుంది.

పోయిన నెల అలాంటి కార్డు కోసమే ఒకామె వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి. ఆస్పత్రిలో నర్సు, డ్యూటీ దిగి ఇంటికి కూడా వెళ్ళకుండా వచ్చినట్టుంది, మెడలో కార్డు ఇంకా వేలాడుతోంది. పెద్దకర్మ కార్డు తెలుగులో కావాలంది. తనకి తెలుగు రాయడం రాదు, నోటితో చెబుతుంది, నేను టైపు చేసుకోవాలి. సరే చెప్పమ్మా అన్నాను. ఆమె ఒక గుడ్డసంచీ కింద పెట్టి, పర్సులోంచి ఫోటో తీసి కౌంటర్ మీద ఉంచింది.

ఫోటోలో ఉన్నది అప్ప.

మా వైపు వాళ్ళలో అక్కని అప్ప అంటారు. బోటులో నీళ్ళు దాటితే వచ్చే బాంబూఫ్లాట్‌లో ఆమె చిన్నా పెద్దా అందరికీ దీదీయే, అప్ప అనేది నేనొక్కణ్ణే. పేరు కార్డులో టైపు చేశాను గానీ ఇక్కడ రాయను. బతికుండగా ఆ పేరుతో పిలిచినవాళ్ళని నేను చూడలేదు. ఫోటోలో కూడా ఆమె కళ్ళు చిట్లించి, ఎవరో అన్నం తినకుండా వెళ్ళిపోతుంటే చూస్తున్నట్టు చూస్తోంది. ఎనిమిదేళ్ళ కిందట ఆమెని నలుగురిలో నవ్వులపాలు చేసింది నేనే. ఈ నర్సు ఆమె చెల్లెలి కూతురట. ఆ నవ్వులాట సంగతి తెలిసే నా దగ్గరికి వచ్చిందా, తెలియక వచ్చిందా అని నాకు భయం వేసింది.

బాంబూఫ్లాట్ జెట్టీలో దిగి, బజారు దాటి, ఎడంచేతి వైపు మెట్ల దారి ఎక్కితే ఒక చెక్క ఇల్లు ఉంటుంది. పడాక్ చెక్క గోడలు, పైన రేకులు, కింద మూరెడెత్తు దుంగలు. బయట బోర్డు మీద హిందీలోనూ ఇంగ్లీషులోనూ మ్యూజియం అని రాసి ఉంటుంది. తెలుగువాళ్ళు ఈ దీవులకి వలస వచ్చినప్పుడు వెంట తెచ్చుకున్న సామాన్లు అందులో ఉన్నాయి. అప్ప మాత్రం దాన్ని మ్యూజియం అనగా నేనెప్పుడూ వినలేదు. దిగుడిల్లు అనేది.

శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాల నుంచి ఓడెక్కి వచ్చినవాళ్ళలో, ఇక్కడ అయినవాళ్ళెవరూ లేనివాళ్ళు ముందుగా ఆ ఇంట్లో దిగేవారట. పని దొరికి, తల దాచుకునే చోటు దొరికేదాకా అక్కడే ఉండేవారట. అంతకుముందే వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు కలిసి దాన్ని కట్టాయి. అప్ప తండ్రి పడవలు బాగుచేసేవాడు, ఆయన కొట్టిన మేకులు ఫలానావి అని ఆమె గోడ మీద చూపించేది. కొన్నేళ్ళకి ప్రతివాళ్ళకీ ఇక్కడ ఒక మామో బాబాయో తయారయ్యాడు. ఓడ దిగినవాళ్ళు నేరుగా చుట్టాలింటికే పోసాగారు. దిగుడిల్లు ఖాళీ పడింది. కొన్నాళ్ళు వలలు పెట్టుకున్నారు, కొన్నాళ్ళు తెలుగు సంఘం మీటింగులు జరిగాయి. సునామీ రోజున కింద ఇళ్ళలోకి నీళ్ళొస్తే జనం చేతికందిన సామాన్లు మోసుకొచ్చి అందులో పడేశారు. నీళ్ళు తీశాక కొందరు తీసుకెళ్ళారు, కొందరు తీసుకెళ్ళలేదు. మిగిలినవాటిని అప్ప తుడిచి గోడవార వరసగా పెట్టింది. మ్యూజియం అలా మొదలైంది. పేరూ బోర్డూ సంఘంవాళ్ళు తర్వాత తగిలించారు.

నేను మొదటిసారి వెళ్ళినప్పుడు ఆమె నన్ను గుమ్మంలోనే ఆపేసింది.

“తిన్నావేటి?”

తినలేదు, ఊరికే చూసి మూడు గంటల బోటుకి వెళ్ళిపోతానన్నాను.

“ముందు తినీ. తర్వాత దేఖ్‌లే. సామాన్లు ఎక్కడికీ పోవు.”

గుమ్మం పక్కన మేకుకి ఒక ఇనప గరిటె వేలాడుతోంది. దాన్ని తీసి, వెనక వసారాలో పొయ్యి మీదున్న గిన్నెలోంచి ఒక గరిటెడు గంజన్నం పళ్ళెంలో వేసింది. పక్కన ఉల్లిపాయ, కాల్చిన ఎండుచేప. నేను తింటున్నంతసేపూ ఆమె నిలబడే ఉంది. ఎవరైనా తింటుంటే ఆమె కూర్చోగా నేను ఎన్నడూ చూడలేదు. తిన్నాక గరిటె కడిగి, కొంగుతో తుడిచి, మళ్ళీ అదే మేకుకి తగిలించింది. మేకు కింద అట్టముక్క మీద హిందీ అక్షరాల్లో ఏదో రాసి ఉంది. ఆ గరిటె కూడా ప్రదర్శనలో వస్తువేనని అప్పుడర్థమైంది.

మ్యూజియంలో వస్తువుల్ని వాడకూడదప్పా అన్నాను. వాడకపోతే తుప్పట్టిపోద్ది నాన్నా అంది.

తినకుండా లోపలికి పోయినవాడు లేడు. కాలేజీ పిల్లలు, విమానం దిగి వచ్చిన టూరిస్టులు, గుమ్మానికి చెదలు చూడ్డానికి వచ్చిన వడ్రంగి, అందరిదీ ఒకటే దారి. ఒకసారి ఒక ఆఫీసరు కింద రోడ్డు మీద జీపు ఆగి ఉందనీ, టైము లేదనీ అన్నాడట. అయితే డ్రైవర్‌ని కూడా పిలవమందట. ఇద్దరూ తిని వెళ్ళారు. మ్యూజియమా, మెస్సా అని నేను ఆటపట్టించేవాణ్ణి. ఆమె నవ్వేది కాదు, కోప్పడేది కాదు. ఇంకో గరిటెడు వేసేది.

నెలలో ఒకటో తారీఖు మాత్రం ఆమె ధోరణి వేరుగా ఉండేది. పొద్దున్నే చింతపండుతో ఆ గరిటెని తళతళలాడేట్టు తోమి, మేకుకి తగిలించి, బయట మెట్టు మీద కూర్చునేది. ఆ రోజు బజారుకి కూడా వెళ్ళేది కాదు. జెట్టీ నుంచి వచ్చే దారిలో ఎవరైనా ఎక్కుతుంటే లేచి నిలబడేది. వాళ్ళు పక్కకి తిరిగిపోతే మళ్ళీ కూర్చునేది. ఎవరి కోసమప్పా అని ఒకసారి అడిగాను.

“ఎవరైనా వస్తారేమో.”

పోస్టుమాన్ కోసమా, పెళ్ళికొడుకు కోసమా అన్నాను. నా నోరు ఎప్పుడూ అంతే. ఆ గరిటె ఏమిటి, ఎవరిది, ఒకటో తారీఖుకి దానికీ ఏం సంబంధం అని అడగాలని నాకు తోచలేదు. ఆ రోజుల్లో నా కంటికి ఆనింది అక్షరాలే.

ఆమె రాసిన అట్టముక్కలు ఆ ఇంట్లో అరవై దాకా ఉండేవి. మాటలు తెలుగు, అక్షరాలు హిందీ. ఒక హిందీ మీడియం బడిలో ఆయాగా చేస్తూ, తరగతి తలుపు దగ్గర నిలబడి ఆ అక్షరాలు నేర్చుకుందట. తెలుగులోనే రాయచ్చు కదా అంటే, “చదివేది పిల్లలు కదా. వాళ్ళకి హిందీయే వొచ్చు” అనేది. అది నిజమే. మా పిల్లలు తెలుగు మాట్లాడతారు గానీ, అందులో సగం హిందీ. వాళ్ళకి నెల అనే మాట లేదు, మహీనాయే. వారం లేదు, హఫ్తాయే. అందుకని ఆమె మాటని అందరం నమ్మాం.

హిందీ అక్షరాల్లో ఒక చిక్కుంది. మనకి ఎ వేరు, ఏ వేరు. ఒ వేరు, ఓ వేరు. హిందీలో పొట్టివి లేవు, పొడుగువి మాత్రమే ఉన్నాయి. అందుకని అప్ప రాసింది రాసినట్టు చదివితే పెట్టె కాస్తా ‘పేట్టే’ అవుతుంది, చెంబు ‘చేంబు’ అవుతుంది, కొడవలి ‘కోడవలి’ అవుతుంది. ఆదివారాలు నేను వెళ్ళి, వచ్చినవాళ్ళకి ఒక్కో అట్టా అలాగే సాగదీసి చదివి నవ్వించేవాణ్ణి. ‘ఈ చేంబు మా మేనత్తది.’ ‘ఈ తేడ్డు గవరయ్య మావది.’ అప్ప కూడా ఒక మూల నిలబడి వినేది. అన్నీ ఒకే పద్ధతిలో ఉండేవి, ఈ ఫలానా వస్తువు ఫలానా వాళ్ళది అని. అలా చదివిన రోజుల్లో ఆమె నాకు అన్నం వేయడం మానలేదు.

రేకులు కారుతున్నాయని, బాగుచేయించమని సంఘంవాళ్ళు ఒక దరఖాస్తు పెట్టారు. ఆ ఇల్లు ఎవరి అధీనంలో ఉందో రాసివ్వమని ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. దాని మీద మాట్లాడ్డానికి ఒక ఆదివారం మధ్యాహ్నం దిగుడింట్లోనే మీటింగు పెట్టారు. ముప్పై మంది దాకా వచ్చాం. మొదట్లో వచ్చిన పాతవాళ్ళు అప్పటికి ఇద్దరు ముగ్గురే మిగిలారు, వాళ్ళు మెట్లెక్కే స్థితిలో లేరు. సెక్రటరీ కాంట్రాక్టు పనులు చేసేవాడు, కాగితమంటే భయమూ అనుమానమూ రెండూ ఉన్న మనిషి. ఇన్నేళ్ళుగా తాళంచెవి దీదీ దగ్గరే ఉంది, రేపు ఇల్లు కూడా తనదే అంటే ఏం చేస్తాం అని ఆయనకి అంతకుముందే ఎవరో చెప్పి ఉంచారు. ఆయన లేచి గుమ్మం పక్కన గరిటె కింద ఉన్న అట్టముక్క చూపించి, ఇదేటో చదవమని నన్నడిగాడు.

నేను గొంతు సవరించుకుని చదివాను.

“ఈ నేల మా నాన్నది.”

సెక్రటరీ అప్ప వైపు తిరిగాడు. అన్నిటి కిందా ఈ చెంబు, ఈ పెట్టె అని రాశావు, ఇక్కడ గరిటె ఉంటే నేల అని ఎందుకు రాశావు దీదీ, ఈ స్థలం మీ నాన్నదని ఎవరు రాసిచ్చారు అని అడిగాడు. గట్టిగా కూడా అడగలేదు. అప్ప చేతిలో అప్పటికే పళ్ళెం ఉంది, ఎవరో తినకుండా వచ్చారని తెస్తోంది.

“నేల కాదు. నెల. ఈ నెల మా నాన్నది.”

అక్కడ నేను ఊరుకుని ఉండాల్సింది. కానీ ముప్పై మంది ఉన్నారు, నవ్వించే అవకాశం నోటిదాకా వచ్చింది.

“నెల మీ నాన్నదేంటప్పా, క్యాలెండర్లు మీవాళ్ళే అచ్చేశారా?”

అందరూ నవ్వారు. నెల అంటే ఏమిటో తెలియని పిల్లలు కూడా, పెద్దవాళ్ళు నవ్వుతున్నారని నవ్వారు. సెక్రటరీ కూడా నవ్వి, జేబులోంచి పెన్ను తీసి ఆమె ముందు పెట్టాడు.

“అయితే ఒక పని చెయ్యి దీదీ. తెలుగులో రాసీ. నెలో నేలో తేలిపోద్ది.”

అప్ప పళ్ళెం కింద పెట్టి పెన్ను తీసుకుంది. అట్టముక్క వెనక్కి తిప్పింది. పెన్ను ములుకు అట్ట మీద ఆనింది గానీ కదల్లేదు. నేను ఆమెకి రెండడుగుల దూరంలో ఉన్నాను. ఆమెకి తెలుగు అక్షరం ఒక్కటి కూడా రాదని నాకు అప్పుడు తెలిసింది. పిల్లల కోసమని హిందీలో రాస్తోందని ఇన్నేళ్ళూ మేమంతా అనుకున్నది ఆమె కప్పుకున్న దుప్పటి. తెలుగువాళ్ళ ఇంటికి కాపలా ఉండే మనిషికి తెలుగు రాయడం రాదని ఆ ముప్పై మంది ముందు ఒప్పుకోవడం కంటే ఆమెకి వేరే ఏదైనా సులువే. ఆమె పెన్ను తిరిగి టేబుల్ మీద పెట్టింది.

“నేలే అనుకోండి.”

బొడ్లోంచి తాళంచెవి తీసి పెన్ను పక్కన ఉంచింది. గుమ్మం దగ్గర ఆగి, మేకు నుంచి గరిటె తీసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది. గరిటె కోసం ఎవరూ అడ్డం చెప్పలేదు. ఉక్రోషంతో పట్టుకుపోయిందని నేననుకున్నాను.

నేను చెప్పాల్సింది ఒక్క వాక్యం. హిందీలో ఎ లేదండీ, నెల అని రాయాలన్నా అలాగే రాయాలి, ఆమె చెప్పేది నిజం కావచ్చు అని. ఆ ముప్పై మందిలో ఆ మాట చెప్పగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. పేట్టే, చేంబు అని ఏళ్ళ తరబడి నవ్వించినవాణ్ణి. పేట్టే అనే మాట లేదు కాబట్టి అది తప్పని నాకు వెంటనే తెలిసేది. నేల అనే మాట ఉంది కాబట్టి చదివినప్పుడు తట్టలేదని ఒక సమాధానం చెప్పుకున్నాను. ఆమె నోటితో నెల అని చెప్పాక కూడా నేను నోరు మెదపలేదు. నా జోకుకి వచ్చిన నవ్వు ఇంకా చెవుల్లో ఉంది, అంతే.

ఆ తర్వాత తాళంచెవి సెక్రటరీ ఇంటికి వెళ్ళింది. రేకులు బాగుపడ్డాయి. మ్యూజియం మొదట ఆదివారాలు తెరిచారు, తర్వాత ఎవరైనా ఫోన్ చేస్తే తెరిచారు, ఆ తర్వాత పంద్రాగస్టుకి తెరిచారు. అప్ప రోజూ పొద్దున్నే వచ్చి తాళం వేసిన గుమ్మం ముందు మెట్లు ఊడ్చి వెళ్తోందని విన్నాను. నేను బాంబూఫ్లాట్ వెళ్ళడం మానేశాను. ఆ ఊళ్ళో కార్డులు ఇవ్వాల్సి వస్తే బోటు మీద వెళ్ళేవాళ్ళ చేతికిచ్చి పంపేవాణ్ణి.

నాలుగేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం ఆమే షాపుకి వచ్చింది. చాతమ్‌లో బోటు దిగి బస్సెక్కి వచ్చిందట. నేను లేచి స్టూలు వేశాను, టీ తెప్పించాను. తాగింది. ఎలా ఉన్నావని అడిగితే బాగున్నానంది. క్షమించమని అడుగుదామని నోరు తెరిచి, సముద్రం పోటుగా ఉందా అప్పా, బోటు ఊగిందా అని అడిగాను. లేదు, శాంతంగానే ఉందంది.

“తెలుగు అక్షరాల కాగితం ఒకటి తీసియ్యి. బడా బడా అక్షరాలు. మా చెల్లి మనవరాలికి.”

అ నుంచి ఱ దాకా, గుణింతాలతో సహా పెద్ద అక్షరాల్లో నాలుగు కాగితాలు అచ్చు తీశాను. ఆమె కళ్ళజోడు పెట్టుకుని ఒక్కో వరసా వేలితో చూసుకుంటూ వెళ్ళి, న గుణింతం దగ్గర ఆగింది.

“ఇందులో నెల ఏది, నేల ఏది?”

నా ముఖంలోకి చూడలేదు, కాగితంలోకే చూస్తోంది. నేను పెన్సిలుతో చూపించాను. ఇది నె, ఇది నే. తలకట్టు దగ్గర పొడుగుదానికి ఇంకో చిన్న మెలిక ఉంటుంది, అంతే తేడా అన్నాను. ఆమె ఆ రెండింటి మధ్యా వేలు అటూ ఇటూ కదిపింది.

“ఇంతేనా?”

ఇంతేనప్పా అన్నాను. ఆమె కాగితాలు మడిచి సంచీలో పెట్టుకుని, నువ్వు తిన్నావేటి అని అడిగి, తిన్నానంటే తలూపి నాలుగు గంటల బోటుకి వెళ్ళిపోయింది. ఆ చెల్లి మనవరాలు ఎవరో ఉందనే నేను నమ్మాను. నమ్మితే నాకు సుఖంగా ఉంది కాబట్టి నమ్మాను.

పోయిన నెల ఆ రోజు షాపులో నర్సు కార్డు సంగతులన్నీ చెప్పింది. నేను టైపు చేశాను. ఎక్కడా ఏమీ దిద్దలేదు. ప్రూఫ్ తీసి చేతికిచ్చాక, ఆమె కింద పెట్టిన గుడ్డసంచీ తీసి అందులోంచి ఒక బడిపిల్లల కాపీ పుస్తకం ఇచ్చింది. పెద్దమ్మ తలగడ కింద దొరికిందట. ఇంట్లో తెలుగు చదివేవాళ్ళు ఎవరూ లేరట.

“ఇందులో ఏం రాసిందో పఢ్‌కే చెప్పు భయ్యా. మా ఇంట్లో చిన్నపిల్లలు కూడా లేరు, ఈ అక్షరాలు ఎవరికి నేర్పుదామనుకుందో.”

తెరిచాను. మొదటి పేజీలు అక్షరాలు, ఒక్కోటి వంద సార్లు. తర్వాత పేజీల్లో దిగుడింటి సామాన్లు. అట్టముక్కల మీద హిందీలో రాసినవన్నీ మళ్ళీ తెలుగులో రాసింది. ఒత్తులు సగం లేవు. మేనత్తకి త ఒత్తు లేదు, నాన్నకి న ఒత్తు లేదు. కానీ పెట్టెలో పె పొట్టిగానే ఉంది, చెంబులో చె పొట్టిగానే ఉంది, మేనత్తలో మే పొడుగ్గానే ఉంది. పుస్తకమంతా వెతికాను. పొట్టి దగ్గర పొడుగు గానీ, పొడుగు దగ్గర పొట్టి గానీ ఒక్కటీ లేదు. నాకు కళ్ళు మసకేశాయి. నర్సు చూస్తోందని ఫ్యాను వైపు తల తిప్పాను.

చివరి పేజీ గరిటెది. మిగతావాటికి ఒక్కో వాక్యం, దీనికి పేజీ అంతా. ఒత్తులు నేను చేర్చి చదివాను.

“ఈ గరిటె ఎవరిదీ కాదు. గరిటె ఎవరింట్లో ఉంటే నెల వాళ్ళది. ఆ నెలంతా ఓడ దిగి వచ్చినోళ్ళకి వాళ్ళే వండి పెట్టాలి, దిగుడిల్లు వాళ్ళే ఊడవాలి. గరిటె ఊరికే ఇవ్వకూడదు. ఒకటో తారీఖున తర్వాత ఇంటోళ్ళు వచ్చి, నెల మాకియ్యండి అని అడగాలి. ఇచ్చేవోళ్ళు, మా నెల నిండింది అని చెప్పి ఇవ్వాలి. మా నాన్న నెల పట్టాక తర్వాత ఇంటోళ్ళు రాలేదు. ఓడ దిగినోళ్ళు చుట్టాలింటికి పోతన్నారు, ఇంక గరిటెందుకు అనీసినారు. మా నాన్న పోయేవరకు చూసినాడు. ఎవరూ అడగలేదు. మా నెల నిండలేదు. ఈ నెల మా నాన్నది.”

చదివి ఆగాను. ఒకటో తారీఖున మెట్టు మీద కూర్చున్న మనిషి కళ్ళ ముందు కనిపించింది. యాభై ఏళ్ళ పైన సాగిన ఒక నెల. వచ్చిన ప్రతివాడికీ గరిటెడు అన్నం వేసింది మ్యూజియం చూడ్డానికి వచ్చారని కాదు, తన వంతు ఇంకా అయిపోలేదని. ఆ వంతుని నేను క్యాలెండర్ అన్నాను.

నర్సు ముక్కు తుడుచుకుంది. సంచీలో చెయ్యి పెట్టి, పాత చీర గుడ్డలో చుట్టిన గరిటె తీసి కౌంటర్ మీద పెట్టింది. చింతపండుతో తోమిన మెరుపు ఇంకా ఉంది.

“పోయే ముందు రోజు ఒకటే చెప్పింది భయ్యా. గరిటె ఎవరికీ నువ్వుగా ఇయ్యొద్దు, ఎవరైనా వచ్చి మాంగితే ఇయ్యి అని. గరిటె ఎవరు మాంగుతారు? నాకేటీ సమఝ్ అవలేదు. ఇప్పుడయింది.”

ఆమెకి ఎనిమిదేళ్ళ కిందటి మీటింగు గురించి తెలుసా అని అడిగాను. తెలుసంది. నవ్వించింది నేనేనని తెలుసా అన్నాను. అది కూడా తెలుసట. మరి నా దగ్గరికే ఎందుకొచ్చావమ్మా అంటే, తెలుగు తప్పు లేకుండా వేసేది నువ్వే అని పెద్దమ్మ చెప్పేది అంది.

బయట బస్టాండులో బాంబూఫ్లాట్ బోటు అందుకునేవాళ్ళని చాతమ్ బస్సు ఎక్కమని కేక వేస్తున్నారు. డైరీ ఫార్మ్ పేటలో మా ఇంట్లో రెండు గదులు, ఒక వంటగది. మా ఆవిడ ఏమంటుందో తెలియదు. సెక్రటరీ ఇంటికి వెళ్ళి తాళంచెవి అడగాలి, ఎందుకో చెప్పాలి, ఆ మీటింగులో చెప్పని వాక్యం ఇప్పుడు చెప్పాలి. ఓడ దిగినవాళ్ళు ఎవరూ లేరు, విమానం దిగినవాళ్ళున్నారు. వాళ్ళూ ఆకలితోనే దిగుతారు. నేను కౌంటర్ చుట్టూ తిరిగి ఆమె వైపు వచ్చి నిలబడ్డాను.

“నెల మాకియ్యమ్మా.”

ఆమె గరిటె రెండు చేతులతో ఎత్తి, లీజియే భయ్యా అంది. అలా కాదు, దానికి ఒక మాట చెప్పాలి, ఇందాక చదివాను కదా అన్నాను. ఆమెకి గుర్తు లేదు, తప్పు పోతానేమో రాసియ్యమంది. ప్రూఫ్ కాగితం వెనక హిందీ అక్షరాల్లో రాసిచ్చాను. నా చేత్తో నేనే రాశాను, ఇంకోలా రాయడానికి ఆ అక్షరాల్లో వీలు లేదు. ఆమె కాగితం దగ్గరగా పెట్టుకుని, బడిపిల్లలా కూడబలుక్కుంటూ చదివింది.

“మా నేల నిండింది.”

నెలమ్మా, నేల కాదు అనే మాట నా నాలుక చివర సిద్ధంగా ఉంది. ఇరవై ఏళ్ళ అలవాటు. మింగేశాను. రెండు చేతులూ చాపి గరిటె అందుకున్నాను. అనుకున్నదానికంటే బరువుగా ఉంది.

“డ్యూటీ నుంచి ఇటే వచ్చావు,” అన్నాను. “తిన్నావేటమ్మా?”